నడక పెరిగింది, నడుమూ పెరిగింది

నేను అకౌంట్స్ మనిషిని. కాగితం మీద పెట్టకపోతే ఏదీ జరిగినట్టే అనిపించదు నాకు. అందుకే ప్రతి ఆదివారం పొద్దున లేవగానే బరువు చూసుకుని ఒక నోటుబుక్కులో రాసుకోవడం ఆరేళ్లుగా అలవాటు. ఆ ఆరేళ్లూ అంకె 57.5కీ 58.5కీ మధ్యనే తిరిగింది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. వారానికి ఐదు రోజులు ఐదేసి కిలోమీటర్ల వేగపు నడక, ఆదివారం ఎనిమిది కిలోమీటర్లు. జ్వరం వస్తే తప్ప మానింది లేదు. బరువు గురించి ఎవరైనా బాధపడుతుంటే "రోజూ నడవొచ్చుగా" అని తేలిగ్గా ఒక సలహా పడేసేదాన్ని. ఆ మాటలన్నీ తర్వాత వడ్డీతో సహా నాకే తిరిగొచ్చాయి.

నలభై ఐదు నిండిన కొద్ది నెలలకి ఒక ఆదివారం 59.4 కనిపించింది. ముందు రోజు ఏదో ఎక్కువ తిన్నానులే అనుకున్నాను. మరో రెండు నెలలకి 60 దాటింది. మెషీన్ బ్యాటరీ మార్చాను. తర్వాత మెషీన్‌నే మార్చాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, దీని మీద నుంచి దిగి దాని మీదకి ఎక్కి చూశాను. రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. పదహారు నెలలు తిరిగేసరికి 65.5 అయింది. తిండి మారలేదు, నడక మానలేదు. కనీసం నేను అలాగే అనుకున్నాను. వింత ఏంటంటే చేతులూ కాళ్లూ పెద్దగా లావెక్కలేదు, వచ్చిందంతా పొట్ట చుట్టూనే చేరింది. 76 సెంటీమీటర్లుండే నడుము 88కి వెళ్లింది. జీన్స్ బటన్ పెట్టుకుని కూర్చోలేక, ఆఫీసులో బల్ల కింద చెయ్యి పెట్టి ఎవరూ చూడకుండా విప్పేసుకున్న రోజులున్నాయి.

"ఒళ్లు చేశావే" అని మొహం మీదే అనేసేవాళ్లతో నాకు ఇబ్బంది లేకపోయింది. "ఇంకా నడుస్తున్నావా?" అని అడిగేవాళ్లతోనే వచ్చింది. ఆ "ఇంకా"లో నేను అబద్ధమాడుతున్నానేమో అన్న అనుమానం నాకు స్పష్టంగా వినిపించేది.

మా పనిలో లెక్క తేలకపోతే చేసేది ఒకటే, మళ్లీ మొదటి నుంచి ఇంకా గట్టిగా కూర్చోవడం. ఇక్కడా అదే చేశాను. ఐదు కిలోమీటర్లని రోజూ ఎనిమిది చేశాను. రెండు నెలలు. మెషీన్ కదల్లేదు. ఒక రోజు విసుగొచ్చి ఫోన్‌లో అడుగుల లెక్క గంటలవారీగా తీసి చూస్తే ఒక సంగతి బయటపడింది. పొద్దుటి నడకలో నాలుగు వేల అడుగులు పెరిగాయి. మిగతా రోజంతా కలిపి మూడు వేలు తగ్గిపోయాయి. మెట్లెక్కేదాన్ని లిఫ్ట్ ఎక్కుతున్నాను. పక్క గదిలో ఉన్న మనిషి దగ్గరికి లేచి వెళ్లేదాన్ని ఫోన్ చేస్తున్నాను. సాయంత్రం సోఫా దిగడం లేదు. ఒక చేత్తో జమ వేసి ఇంకో చేత్తో ఖర్చు రాసేస్తున్నానన్నమాట, అదీ నాకు తెలియకుండానే. దానికి తోడు మధ్యాహ్నం నాలుగయ్యేసరికి తట్టుకోలేని ఆకలి. ఇవన్నీ కాక మడమ నొప్పి ఒకటి అంటుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద కాలేసినట్టుండేది.

నడక పనిచేయలేదు కాబట్టి తిండి మీద పడ్డాను. ఒక యాప్ పెట్టుకుని రోజుకి 1,200 కేలరీలు దాటకుండా ఐదు వారాలు ఉన్నాను. ఈ ఐదు వారాల గురించి ఎక్కువ చెప్పను. రెండు కిలోలు తగ్గాను, తర్వాత అంకె అక్కడే కూర్చుంది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. ఇంట్లో వాళ్లు నాతో మాట్లాడాలంటే ముందు మొహం చూసి మాట్లాడేవారు. ఆరో వారం ఒక రాత్రి వంటగదిలో నిలబడే, దీపం కూడా వేసుకోకుండా, దొరికింది దొరికినట్టు తిన్నాను. నెల తిరిగేసరికి పోయిన రెండూ వచ్చాయి. వస్తూ వస్తూ ఇంకో అర కిలో వెంట తెచ్చుకున్నాయి.

అప్పుడు ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నాలుగు నిమిషాలు పట్టింది. నోటుబుక్కు బయటికి తీసేలోపే "తక్కువ తినండి, ఎక్కువ నడవండి, ఈ వయసులో ఇవన్నీ మామూలే" అనేశారు. రోజుకి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తున్నానండీ అంటే, పది చేయండన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. బిల్లు కట్టి, మడమ నొప్పితో కుంటుకుంటూ బయటికొచ్చాను.

ఇక్కడ ఒక విషయం ముందుకు తేవాలి, ఎందుకంటే నేనే దాన్ని చాలాకాలం పక్కన పెట్టేశాను. అప్పటికి ఏడాది పైగా నాకు నిద్ర సరిగ్గా లేదు. రాత్రి మూడింటికల్లా మెలకువ వచ్చేసేది. మెడ కింద, వీపు మీద చెమట. ఛాతీలోంచి ఒక ఆవిరి లేచి మొహం దాకా వచ్చి రెండు మూడు నిమిషాల్లో పోయేది, పోయాక చలి పుట్టేది. నేను దుప్పటి తన్నేయడం, మా ఆయన తీసి కప్పడం, నేను మళ్లీ తన్నేయడం. నెలసరి కూడా గతి తప్పింది. ఇరవై ఎనిమిది రోజులకి గడియారంలా వచ్చేది కాస్తా ఒకసారి ఇరవై నాలుగు రోజులకే, ఒకసారి నలభై ఐదు దాటాక. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను. నిద్రలేమికీ, చెమటలకీ, బరువుకీ మూడు వేర్వేరు ఖాతాలు తెరిచి, దేనికది చూసుకుంటూ కూర్చున్నాను.

రెండో డాక్టర్ దగ్గరికి మా అక్క పోరు పెడితే వెళ్లాను. ఆవిడ గైనకాలజిస్టు. నేను గర్వంగా నోటుబుక్కు తీసి ముందు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా పేజీలు తిప్పారు, మెచ్చుకున్నారు కూడా. తర్వాత అడిగారు, "నెలసరి తేదీలు ఏవి?"

రాసుకోలేదన్నాను.

"బరువు ప్రతి వారం రాశారు, ఇది రాసుకోలేదా?"

ఆవిడ మామూలుగానే అడిగారు. నాకు మాత్రం ఆడిట్‌లో పట్టుబడ్డట్టయింది. గుర్తున్నంత మటుకు ఫోన్‌లో ఫొటోలూ ప్రయాణాల తేదీలూ చూసి లెక్కకట్టి చెప్పాను. ఇంకో ప్రశ్న వేశారు: మీ అమ్మగారికి ఏ వయసులో ఆగిపోయింది? అదీ తెలియదు. అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"డాక్టర్‌గారు అడుగుతున్నారమ్మా."

"ఎవరికి గుర్తుంటుందే. ఆగిపోయింది, పీడ వదిలిందనుకున్నాను."

డాక్టర్‌గారు నవ్వి, పదిమందిలో తొమ్మిదిమంది అమ్మలు ఇదే చెబుతారన్నారు. నాది పెరిమెనోపాజ్ అన్నారు. అంటే ముట్లు ఆగిపోవడానికి ముందు నడిచే కాలం. కొందరికి రెండు మూడేళ్లు, కొందరికి ఏడెనిమిదేళ్లు కూడా సాగుతుందట. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే తప్ప మెనోపాజ్ అని ముద్ర వెయ్యరు. హార్మోన్ల పరీక్ష ఏదైనా చేయించమంటారా అని అడిగాను. అంకె చూస్తే గానీ నమ్మని ప్రాణం కదా. 45 దాటి ఈ లక్షణాలున్నవాళ్లకి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష అక్కర్లేదన్నారు. ఈ కాలంలో అది ఈ వారం ఒకలా, పై వారం ఒకలా ఊగుతుందట, ఒక్కసారి చేసిన పరీక్షతో ఏమీ తేలదు. వేరే కారణాలు లేవని చూసుకోవడానికి మాత్రం థైరాయిడ్, షుగర్, రక్తహీనత, విటమిన్ డి రాశారు. ఏం మందులు వాడుతున్నానో ఒక్కొక్కటే అడిగారు. స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు, ఇన్సులిన్ లాంటివి కూడా బరువు పెంచుతాయట. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నానంటే, రక్తం ఇచ్చేముందు కొన్ని రోజులు ఆపమన్నారు. కొన్ని రకాల థైరాయిడ్ పరీక్షల ఫలితాన్ని అది తారుమారు చేస్తుందట. ఈ ముక్క నాకు అమ్మిన మందుల షాపులో ఎవరూ చెప్పలేదు.

థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద పై హద్దు 4 చిల్లర ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసి సంతోషించాను. దొంగ దొరికాడు! ఒక మాత్ర వేసుకుంటే పోతుంది! డాక్టర్‌గారు ఆ సంతోషం మీద నీళ్లు చల్లారు. అసలు థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది, ఇంత చిన్న తేడా ఏడున్నర కిలోల్ని మొయ్యలేదన్నారు. అసలు థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలో కూడా దానివల్ల పెరిగేది చాలామందిలో రెండు నుంచి నాలుగున్నర కిలోలేనట, అందులోనూ చాలా భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూనే. ఎనిమిది వారాలాగి మళ్లీ చేయిస్తే 3.9కి దిగింది. నా దొంగ నిర్దోషిగా విడుదలయ్యాడు. దాన్ని మించి కలవరపెట్టింది, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ: 5.8. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ వ్యాధికి ముందు మెట్టు. ఆరేళ్లు నడిచిన మనిషికి!

"జీవక్రియ మందగించి ఉంటుంది కదండీ" అన్నాను. అందరూ అనేదే అది. "అందరూ అలాగే అనుకుంటారు" అని ఒక చిన్న కాగితం మీద ఏదో రాసిచ్చి చదువుకోమన్నారు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అది. ఎనిమిది రోజుల పసికందుల నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చు కొలిచారు. కొవ్వు తీసేసి మిగతా ఒంటి బరువుతో సరిపోల్చి చూస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మెనోపాజ్ దగ్గర కూడా పడిపోలేదు.

అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెమటల వల్ల కాదు. జీవక్రియ తగ్గలేదంటే తప్పు నాదేనా? ఆ "ఇంకా నడుస్తున్నావా" అన్నవాళ్లే రైటా?

తర్వాత చదివింది ఆ ముడి కొంత విప్పింది. అమెరికాలో మధ్యవయసు ఆడవాళ్లని 1990ల నుంచి ఏళ్ల తరబడి వెంట ఉండి గమనిస్తున్న స్వాన్ అనే పరిశోధన ఉంది. అందులో కనిపించిన విషయం: బరువు గీత మటుకు తిన్నగా, నిదానంగా పైకి పోతూ ఉంటుంది. మెనోపాజ్ వైపు మళ్లే దశ మొదలైన చోట ఆ గీతలో మలుపేమీ ఉండదు. కానీ లోపల చూస్తే సరిగ్గా అక్కడి నుంచే కొవ్వు పెరిగే వేగం రెట్టింపవుతుంది, కండ తగ్గడం మొదలవుతుంది. ఇది ఆఖరి నెలసరి తర్వాత రెండేళ్ల దాకా నడుస్తుంది. కొవ్వు పెరిగింది, కండ తరిగింది. ఒకటి ఇంకోదాన్ని సగం కప్పేసింది. మెషీన్ చూపించేది ఆ రెండూ కలిపిన మొత్తమే.

పాతికేళ్లుగా నా పనే అది. అడుగున ఉన్న మొత్తం చూసి ఖాతా బాగుందని సంతకం పెట్టే మేనేజర్లకి, పైన ఉన్న పద్దులు ఒక్కొక్కటే చూపించడం. సొంత ఒంటి విషయంలో ఆరేళ్లు ఆ మొత్తం ఒక్కటే చూసి నేనూ సంతకం పెట్టేశాను. బరువు 58 దగ్గర నిలకడగా ఉన్న ఆఖరి ఒకటి రెండేళ్లలో కూడా లోపల కండ పోతూ ఉండి ఉంటుంది.

ఈ దశలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గితే కొవ్వు చేరే చోటు కూడా మారుతుందని డాక్టర్‌గారు చెప్పారు. తొడలూ తుంటీ చుట్టూ చర్మం కింద చేరాల్సింది పొట్టలోకి, అవయవాల చుట్టూ చేరుతుంది. షుగర్‌కీ గుండెకీ చెరుపు చేసేది ఆ లోపలి కొవ్వే. ఇక నిద్ర. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగి, చాలనిపించే లెప్టిన్ తగ్గుతుందంటారు. నాలుగింటి ఆకలి నా బలహీనత అనుకున్నాను, దాని వెనక రాత్రి మూడింటి మెలకువ ఉంది. హార్మోన్లే అన్నీ చేశాయనడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, అది సగం నిజం. హార్మోన్లకి ఏ సంబంధం లేదనేవాళ్ల మీద మాత్రం కోపం తగ్గలేదు.

నా వంతు తప్పు కూడా చూసుకున్నాను, అదీ చెప్పాలి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పుకున్న పదిమందిని పరీక్షిస్తే వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువ చేసి చెప్పారట. చదివి ముందు మండిపడ్డాను. తర్వాత ఒక వారం పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ తూచి రాశాను. వండుతూ రుచి చూసేవి, అమ్మాయి ప్లేటులో వదిలేసినవి, ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని చేతిలో పెట్టినవి. నా పాత లెక్కల్లో ఇవేవీ లేవు. చేతి వాచీ ఐదు కిలోమీటర్ల నడకకి 380 కేలరీలు చూపించేది. అరవై కిలోల మనిషికి నిజంగా ఖర్చయ్యేది రమారమి 200, 250. ఆ వారం బయటపడ్డ ఇంకో అంకె, ప్రోటీన్ రోజుకి 38 గ్రాములు. నా బరువుకి 75, 80 ఉండాలన్నారు.

తర్వాత ఒంట్లో కొవ్వెంత, కండెంత, ఎముకెంత గట్టిగా ఉందో చూపించే డెక్సా స్కాన్ చేయించుకున్నాను. చదునైన బల్ల మీద పది నిమిషాలు కదలకుండా పడుకోవడం, అంతే. 65.5 కిలోల్లో 25.5 కిలోలు కొవ్వు, అంటే 39 శాతం. ఎముక సాంద్రత టీ స్కోరు మైనస్ 1.3, మైనస్ 1 కంటే కిందకి పోతే ఎముక పలచబడ్డం మొదలైనట్టు. పాత స్కాన్ లేదు కాబట్టి ఎంత పోయిందో ఎప్పటికీ తెలియదు. కానీ కొత్త పుస్తకానికి మొదటి పేజీ దొరికింది.

డాక్టర్‌గారు మూడు చెప్పారు. నడక మళ్లీ ఐదు కిలోమీటర్లకే తగ్గించమన్నారు, ఆ మాటకి మా మడమ ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటుంది. ప్రోటీన్ పెంచమన్నారు. వారానికి కనీసం రెండు రోజులు బరువులెత్తమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాలో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక పక్కనే ఈ రెండు రోజుల ముక్క ఎప్పటి నుంచో ఉందట. నేను మొదటి సగం చదివి రెండో సగం వదిలేశాను.

జిమ్‌లో నా కంటే ఇరవై ఏళ్లు చిన్న ట్రైనర్ అమ్మాయి. మొదటి రోజు ఒక కుర్చీ చూపించి, "చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోండి మేడమ్, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు చేస్తారో చూద్దాం" అంది. ఎనిమిది కిలోమీటర్లు నడిచేదాన్ని, ఇదెంత అనుకున్నాను. పదకొండోసారికి తొడలు వణికాయి. గోడకి ఆనుకుని తోసే పుషప్ ఐదు చేసి ఆరోది చేయలేక గోడ మీదే వాలిపోయాను. "మీ గుండె బాగుంది మేడమ్, ఒళ్లే బలంగా లేదు" అంది. ఆ పిల్ల ఒక్క వాక్యంలో నా స్కాన్ రిపోర్టు చదివేసింది.

మొదటి ఆరు వారాలు నరకం, అదీ మెషీన్ దగ్గరే. కష్టపడుతున్నాను, తిండి సరిచేశాను, బరువు 900 గ్రాములు పెరిగింది! మానేద్దామని నిశ్చయించుకుని ట్రైనర్‌కి మెసేజ్ కూడా టైప్ చేశాను. ఆ అమ్మాయి ఏమీ వాదించలేదు, టేపు తెచ్చి నడుము కొలిచింది. 88 కాదు, 86. కొత్తగా పని పడ్డ కండరాలు నీరు పట్టి ఉంచుకుంటాయట, వాటిలో నిలవుండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాము మూడేసి గ్రాముల నీటిని వెంట పెట్టుకుంటుందట. ఆ రోజే మెషీన్‌ని అటక మీద పెట్టమని మా ఆయనకిచ్చాను. నెలకొక్కసారే దింపాలని షరతు. ఎక్కడ పెట్టావని రెండుసార్లు అడిగాను, చెప్పలేదు.

చెమటల సంగతి వేరే నిర్ణయం. హార్మోన్ చికిత్స పేరెత్తితే నాకు భయం. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో ఒక భాగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండె ముప్పు కనిపించాయని మధ్యలో ఆపేశారు, ఆ భయం ఇంకా అందరిలో ఉంది. అందులో ఉన్నవాళ్ల సగటు వయసు 63 అని నాకు అప్పటిదాకా తెలియదు. 60 లోపు వాళ్లకి, ముట్లు ఆగి పదేళ్లు దాటనివాళ్లకి, వేరే అడ్డంకులు లేకపోతే సాధారణంగా లాభమే ఎక్కువని ఇప్పటి వైద్యుల మాట. ఇంట్లో రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయం అన్నీ అడిగి, మామోగ్రామ్ చూసి, ఈస్ట్రోజెన్ జెల్, గర్భసంచి ఉంది కాబట్టి దానికి తోడు ప్రొజెస్టెరాన్ మాత్ర రాశారు. "ఇది బరువు తగ్గే మందు కాదు, ముందే చెబుతున్నాను" అన్నారు. నిజమే, బరువు మీద ఏమీ కనిపించలేదు. నాలుగో వారంలో ఒక రాత్రి పడుకుంటే తెల్లారి ఆరింటికి లేచాను. నాలుగింటి ఆకలి ఆ తర్వాత మెల్లిగా దానంతటదే సద్దుకుంది. మా అక్కకి గతంలో కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, ఆమెకి ఇదే మందు వద్దన్నారు. కాబట్టి నాకిచ్చారని ఎవరూ తెచ్చుకోకండి.

ఏడాదికి మళ్లీ స్కాన్ చేయించాను. బరువు 63.6. అంటే ఏడాది పాటు చేసిన దానికి మెషీన్ లెక్కలో తగ్గింది రెండు కిలోలు కూడా కాదు. పద్దుల్లో మాత్రం కొవ్వు 25.5 నుంచి 22.4కి దిగింది, మిగతా ఒళ్లు 40 నుంచి 41.2 అయింది. నడుము 82, హెచ్‌బీఏ1సీ 5.5. నేల మీద నుంచి 40 కిలోల బార్ ఎత్తుతున్నాను. నడుము ఎత్తులో సగం లోపు, అంటే నాకు 79 లోపు ఉండాలంటారు, ఇంకా రాలేదు. 58 కిలోలూ రాలేదు, వస్తాయని ఇప్పుడు ఎదురుచూడటమూ లేదు. ఆ నాటి జీన్స్ రెండు మా అమ్మాయికిచ్చాను. ఒకటి ఇవ్వలేదు. ఎందుకో అడక్కండి.

ఈ మధ్యలో ఒక రాత్రి అమ్మ తనే ఫోన్ చేసింది. "నీ డిగ్రీ ఆఖరి పరీక్షలప్పుడే" అంది ఉపోద్ఘాతం లేకుండా.

"ఏంటమ్మా?"

"ఆగిపోయింది ఎప్పుడని అడిగావుగా. రాత్రిళ్లు చెమటలు పట్టి లేచి, నువ్వు చదువుకుంటుంటే నీ గదిలో వచ్చి కూర్చునేదాన్ని. చదువు సాగట్లేదని నువ్వు విసుక్కునేదానివి. ఆ ఏడాదే నేను ఒళ్లు చేశాను. మీ నాన్నా మీరూ కలిసి ఒకటే నవ్వడం."

లెక్కకట్టాను. అప్పుడు అమ్మకి నలభై ఏడు. నవ్వింది నాకు గుర్తుంది. అంతకంటే బాగా గుర్తున్నది, పొద్దున్నే లేచి నడవమని అమ్మకి ఒక టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించింది నేనే. ఫోన్‌లో అమ్మకి ఏం చెప్పాలో తెలియక, "అప్పుడు నిద్ర ఉండేదా అమ్మా?" అన్నాను. "ఎక్కడిదే" అంది.

అమ్మకి ఇప్పుడు డెబ్భై నాలుగు. పోయిన నెల మా ఇంటికి వచ్చినప్పుడు, నువ్వేదో బరువులెత్తుతున్నావట, నేనూ చూస్తాను పద అని జిమ్‌కి వచ్చింది. చూస్తానన్న మనిషి ట్రైనర్‌తో మాటలు కలిపి కుర్చీ ఎక్కి కూర్చుంది. మోకాళ్లు పరీక్షించి, చేతులు ఆనించుకునే లేవమని ఆ అమ్మాయి మెల్లిగా మొదలుపెట్టింది. వారానికి రెండు రోజులు, పదేసి సార్లు. నేను పక్క నిలబడి లెక్కపెడతాను. తొమ్మిదికే పది అయిపోయిందంటుంది అమ్మ.